నీళ్ళు నిలవని బండ

చూడండి, ఒక మాట కోసం మనిషి ఎన్నేళ్ళు కాచుకోవచ్చు? నేను ఇరవై ఆరేళ్ళకి పైనే కాచుకున్నాను. మొన్న ఆదివారం ఆ మాట నా చెవిన పడింది. "ఫస్ట్ క్లాస్ చెయ్యి రెడ్డీ నీది" అన్నాడు మా పాత ఫోర్మన్. నా ఇంట్లో, నా షెడ్డులో, నా భార్య వింటుండగా అన్నాడు. ఆ తర్వాత సరిగ్గా ఐదు నిమిషాలకి నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఆవుల కొట్టంలోకి పోయి, ఎర్రావు పక్కన నిలబడి గోడ చూసుకుంటూ ఉండిపోయాను. నవ్వకండప్పా! అంతా విన్నాక నవ్వుదురు గాని. ఇంకో టీ చెప్పండి, ఇది కాస్త పొడుగు.

ముందు ఆ ఫోర్మన్ సంగతి చెప్పాలి. పేరు నంజుండాచారి. బెంగళూరులో మేము పనిచేసిన మిషన్ల ఫ్యాక్టరీలో స్క్రేపింగ్ సెక్షన్ ఆయనది. స్క్రేపింగ్ అంటే ఏమంటారా? పెద్ద మిషన్ మీద కోసుకొచ్చిన ఇనుము చూసేదానికి చదునుగానే ఉంటుంది. నిజంగా ఉండదు. బాగా చదునైన ప్లేటు ఒకటి తీసుకుని, దాని మీద సన్నగా బ్లూ రంగు పూసి, ఇనుమును బోర్లించి ఎత్తితే, ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ రంగు అంటుతుంది. అంటిన చోట చేత్తో స్క్రేపర్ పట్టుకుని గీకాలి. మళ్ళీ బోర్లించాలి, మళ్ళీ గీకాలి. ఇనుము నిండా బ్లూ చుక్కలు సమానంగా పడేదాకా ఇదే పని. వెంట్రుకలో పదో వంతు లెక్క. చెయ్యి అంటే అదే మరి.

ఆ సెక్షన్‌లో నాకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు. మోసేది నేను, తుడిచేది నేను, మొదటి మోటు గీకుడు నేను. ఫైనల్‌కి వచ్చేసరికి ఆయన వచ్చి నా భుజం మీద తట్టి, "జరుగు రెడ్డీ పక్కకి. నీది గొర్రె బొచ్చు కత్తిరించే చెయ్యి" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేను కూడా నవ్వేవాణ్ణి, అదే నా ఖర్మ. ఇరవై ఆరేళ్ళు అదే జోకు, కొత్తది కూడా పుట్టలేదు ఆయనకి. నా రిటైర్మెంట్ రోజు సన్మానంలో మైకు పట్టుకుని ఏమన్నాడో తెలుసా? "రెడ్డి మంచి మనిషి. టైముకి వస్తాడు." అంతే! శాలువా కప్పి కూచున్నాడు. టైముకి రావడానికి స్క్రేపర్ ఎందుకు సార్, గడియారం చాలు కదా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆ శాలువా ఇంటికి తెచ్చి బీరువాలో కింది అరలో పడేశాను.

చింతామణి పక్క మా ఊరికి వచ్చేశాక టమేటా, రెండు ఆవులు, అంతా బాగానే ఉంది. కానీ ఆ మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఒకరోజు పొద్దున ముద్ద తింటూ సావిత్రితో చెప్పాను, నేను ఒక లేత్ మిషన్ చెయ్యబోతున్నానని.

"కొనేది గదప్పా?" అంది.

"కొంటే అది నాది కాదు. బెడ్డు నేను పోయించి, నేను గీకి, నా చేత్తో చేస్తా."

"ఎవురికి సూపిచ్చేదానికి?"

చూడండి, ఇరవై తొమ్మిదేళ్ళ సంసారం తర్వాత భార్య దగ్గర దాగేదేమీ ఉండదు. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను.

లేత్‌కి బెడ్డు అంటే ఇంటికి పునాది. బెడ్డు వంకరైతే దాని మీద తిరిగేదంతా వంకరే. కట్టెతో దాని నమూనా చేసి, ఒక చిన్న ఫౌండ్రీలో మూడడుగుల బెడ్డు పోతపోయించాను. అచ్చు బాగా వచ్చింది, ఒక్క గుంట లేదు. దాన్ని బెంగళూరులో తెలిసిన ప్లేనర్ మిషనాయన దగ్గర పైభాగం చదునుగా కోయించి ఇంటికి తెచ్చుకున్నాను. ఇంక మిగిలింది స్క్రేపింగ్. దానికి చదునైన ప్లేటు కావాలి.

ఇక్కడే నా తెలివి మొదలైంది. ఆ ప్లేట్లు గ్రానైట్‌వి కూడా వస్తాయి. గ్రానైట్! మన చుట్టూ ఏముంది అప్పా? చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లి దాకా ఎటు చూసినా కొండలే, ఏ కొండ చూసినా గ్రానైటే. మన కొండ కోసి ఎక్కడికో పంపి, అక్కడ నునుపు చేసి డబ్బాలో పెట్టి పంపిస్తే మనం దాన్ని మళ్ళీ తెచ్చుకోవాలా? నాకు రోషం వచ్చేసింది. కొండకీ నాకూ మధ్య ఇంకొకడెందుకు అనుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, దాచి లాభం లేదు. అదే వారం నంజుండాచారి గారికి ఫోన్ చేశాను. ఆయనా రిటైరై చిక్కబళ్ళాపురంలోనే ఉన్నాడు. లేత్ చేస్తున్నానని ఊరికే తెలియజేసేదానికి చేశాను. ఊరికే ఏముంది, కుళ్ళుకుంటాడని. ఆయన కుళ్ళుకోలేదు. "నా స్ట్రెయిట్ ఎడ్జ్ ఉండాది రెడ్డీ, తెచ్చిస్తా, దాంతో సరి సూస్కుంటా గీకు" అన్నాడు. స్ట్రెయిట్ ఎడ్జ్ అంటే నిక్కచ్చిగా తిన్నగా ఉండే ఇనుప పట్టీ. అది పెట్టి చూస్తే వంకర ఎక్కడున్నా బయటపడుతుంది. ఆ రోజే సరే అని ఉంటే ఈ కథే లేదు.

"వద్దు సార్, అంతా అయిపోయినాక ఫోన్ చేస్తా, వచ్చి చూద్దురు" అన్నాను.

"సరేప్పా, నీ ఇష్టం" అన్నాడు.

నా ఇష్టం!

చింతామణిలో కిచెన్ బండలు కోసి పాలిష్ చేసే చౌడప్ప అని ఉన్నాడు. చుట్టుపక్కల ఏ వంటింట్లో చూసినా అతని బండే. పోయి చెప్పాను, నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, మూడంగుళాల మందం, పైన అద్దం మాదిరి రావాలని.

"ఇంత మందమెందుకన్నా? ఏనుగు వంట చేస్తాదా?" అన్నాడు.

"మిషన్ పనికి. ఇనుము పెడ్తాం దాని మీద."

"ఓహో, ఇనుమా!" అని బండ చుట్టూ ఒకసారి తిరిగాడు. "నీళ్ళు గీళ్ళు పడతాయా అన్నా?"

నేను ఫోన్‌లో టమేటా రేటు చూసుకుంటున్నాను. "పడతాయి, పడతాయి, మిషన్ అన్నాక నీళ్ళూ నూనే పడవా?" అన్నాను తల ఎత్తకుండా.

"అయితే నాకు ఇడిసిపెట్టన్నా. నేను సూసుకుంటా."

ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మన వైపు పనోడు "నేను సూసుకుంటా" అన్నాడంటే మనం ఏం చేస్తాం? సంతోషంగా ఇంటికి పోతాం. నేనూ పోయాను.

బండ వచ్చింది చూడండి! ట్రాక్టర్‌లోంచి నలుగురు దించి షెడ్డులో దిమ్మె మీద పెట్టారు. నల్లగా, నిగనిగా. సావిత్రి వచ్చి దాంట్లో మొహం చూసుకుని బొట్టు సర్దుకుంది. "ఇది నా వంటింట్లోకి వేసుంటే..." అని గొణుక్కుంటా పోయింది. నేను రసమట్టం తీసి బండ నట్టనడుమ పెట్టాను. బుడగ నడుమ నిలబడింది. అడ్డంగా తిప్పి పెట్టాను. నడుమే! రెండు చివర్ల ఎందుకు పెట్టలేదు అంటారా? అదే నన్ను నేను ఐదు రోజులుగా అడుగుతున్నాను. నడుమ సరిగా ఉంటే చివర సరిగా ఉండదా, ఒకే రాయి కదా అనుకున్నాను. తాలూకా మొత్తంలో ఇంత చదునైన జాగా ఇంకోటి లేదని ఆ రోజు సావిత్రితో చెప్పాను కూడా.

మొదటిసారి బ్లూ పూశాను. బోరు మోటరు పైకి తీసే చైన్ పుల్లీతో బెడ్డును ఎత్తి, బండ మీద బోర్లించి, కొంచెం అటూ ఇటూ జరిపి, ఎత్తి చూశాను. బ్లూ నడుమ మాత్రమే అంటింది. ఒక జానెడు. రెండు చివర్లూ తెల్లగా ఉన్నాయి.

అంటే బెడ్డు నడుమ ఎత్తుగా ఉంది! ప్లేనర్ వాడు తప్పుగా కోశాడు! అప్పటికప్పుడు ఫోన్ చేశాను.

"ఏమప్పా, ప్లేనింగ్ అంటే ఏందో తెలుసా నీకు? నడుమ గుట్ట పెట్టి పంపించినావే!"

"సార్, నేను గేజ్ పెట్టి చూసే పంపించినా. తిన్నగా ఉంది సార్."

"ఇరవై ఆరేళ్ళు ఇదే పని చేసినాను, నాకు చెప్తావా?"

"అట్ల కాదు సార్... మీ ప్లేటు ఒకసారి చూసుకోండి."

నా ప్లేటు! నా కొండ! "గ్రానైట్ అప్పా ఇది! నిన్న మొన్న పుట్టింది కాదు, వంగేదానికి!" అని అరిచి, ఇంకా నాలుగు మాటలు అన్నాను. అవి ఇక్కడ చెప్పను, ఇది టీ అంగడి. ఆయన "సరే సార్" అని పెట్టేశాడు. మర్యాదస్తుడు. ఆ మర్యాదే ఇప్పుడు నన్ను ఎక్కువ కాలుస్తోంది.

ఇంక గీకుడు. రోజూ పొద్దున డెయిరీకి పాలు పోసి వచ్చి, ఎండ ఎక్కేదాకా గీకడం. వారం, నెల, రెండు నెలలు. నడుమ గీకేకొద్దీ బ్లూ మెల్లగా చివర్ల వైపు పాకింది. పైభాగం ఒక్కటే కాదు, పక్క అంచు కూడా అదే బండకి ఆనించి గీకాలి, ఎందుకంటే ఉలి పట్టుకునే బండి ఆ అంచును పట్టుకునే నడుస్తుంది. భుజం పడిపోయింది. ఎడమ చేత్తో ముద్ద తిన్నాను కొన్నాళ్ళు. ఇంట్లో ఎక్కడ చూసినా బ్లూ. పాల క్యాను మీద నా ఐదు వేళ్ళు, గోడ మీద వేళ్ళు, ఎర్రావు నుదుటి మీద వేళ్ళు. డెయిరీలో పాలు పోయించుకునే అమ్మ, "ఏమన్నా, ఆవుకి ఏదైనా మొక్కుండాదా?" అని అడిగింది.

రేషన్ అంగడిలో ఇంకా అవమానం. మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడలేదు. గీకి గీకి నా వేళ్ళ గీతలు పోయాయి! ఇంకో వేలు, ఇంకో వేలు, పదీ అయిపోయాయి. వెనక క్యూలో జనం గొణుగుతున్నారు. ఖాళీ సంచితో ఇంటికి వస్తే సావిత్రి గుమ్మంలోనే అందుకుంది.

"బియ్యం యాడ?"

"వేలిముద్ర పడలేదు."

"ఇనుము నున్నగైందో లేదో గానీ, నీ వేళ్ళు బాగా నున్నగైనాయి" అంది. మరుసటి రోజు ఆమె పోయి తెచ్చుకుంది.

ఐదు నెలలకి, ఒక పొద్దున, బెడ్డు ఎత్తి చూసేసరికి చివర నుంచి చివరికి చుక్కలు. అంగుళానికి ఇరవై పైన. ఒక్క చోట ఎక్కువ లేదు, ఒక్క చోట తక్కువ లేదు. ఫ్యాక్టరీలో ఆయన ఫైనల్ చేసిన బెడ్లు నేను తుడిచేవాణ్ణి కదా, వాటి మీద కూడా ఇంత సమానంగా చూడలేదు. నిజం చెప్తున్నాను, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సావిత్రిని పిలిచి చూపించాను. "అమ్మవారు పోసినట్ల ఉండాది" అంది. ఆమెకేం తెలుసు! ఆ రోజే నంజుండాచారికి ఫోన్ చేసి, ఇంకో రెండు వారాల్లో ఆదివారం రమ్మని చెప్పాను. ఆయన వస్తానన్నాడు.

కడ్డీని పట్టి తిప్పే హెడ్‌స్టాక్ కూర్చోబెట్టాను, బండి కూర్చోబెట్టాను, పాత పిండిమర మోటరు తగిలించాను. శనివారం మధ్యాహ్నం మొదటి కడ్డీ పట్టి తిప్పాను. హాయిగా, జుంయ్యిమని తిరిగింది మిషను. కోత నున్నగా వచ్చింది. మైక్రోమీటర్ పెట్టాను.

నడుమ పావు మిల్లీమీటరు లావు.

కడ్డీ వంగిందేమో అనుకుని ఇంకో కడ్డీ పట్టాను. నడుమ లావు. ఉలి మార్చాను. లావు. కరెంటు హెచ్చుతగ్గులేమో అని కూడా అనుకున్నాను, చూడండి నా తెలివి! సాయంత్రానికి ఐదు కడ్డీలు, ఐదింటికీ బొజ్జలే. రేపు పొద్దున ఆయన వస్తాడు. కడ్డీలన్నీ తీసి బెల్లం డబ్బా వెనక దాచేశాను. స్క్రేపింగ్ ముందు చూపిద్దాం, అది చూసి ఆయన మురిసిపోతే తిప్పి చూపించమని అడగడు అని లెక్క వేసుకున్నాను. హెడ్‌స్టాక్‌నీ బండినీ విప్పి, బెడ్డును ఇంకోసారి బండ మీద బోర్లించి ఎత్తి, బ్లూ చుక్కలు కనబడేలా పెట్టాను. పెళ్ళిచూపులకి పెట్టినట్టు పెట్టాను.

ఆదివారం చిక్కబళ్ళాపురం నుంచి శిడ్లఘట్ట మీదుగా వచ్చే బస్సులో దిగాడు ఆయన. చంకలో పాత పంచెలో చుట్టిన పొడుగాటి మూట. వద్దన్నా తెచ్చాడు స్ట్రెయిట్ ఎడ్జ్! దాన్ని ఆయన పక్క సీట్లో కూచోబెట్టి, దానికీ టికెట్టు అడిగిన కండక్టరుతో పోట్లాడుకుంటూ వచ్చాడంట.

షెడ్డులోకి వచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. బెడ్డు మీదికి వంగాడు. ఒక చివర నుంచి మొదలుపెట్టి మెల్లగా రెండో చివర దాకా పోయాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. వేలితో తడిమాడు. సావిత్రి కాఫీ తెచ్చి నిలబడి ఉంది.

"ఎవురు గీకినారు ఇది?"

"నేనే సార్."

"నిజం సెప్పు."

"నేనే సార్, ఒక్కణ్ణే."

కళ్ళద్దాలు తీసి నా మొహం చూశాడు. "ఫస్ట్ క్లాస్ చెయ్యి రెడ్డీ నీది. ఇన్నేండ్లు నాకు తెలీకపాయనే. నా తప్పు."

అయ్యా! నా తప్పు అన్నాడప్పా, నంజుండాచారి! నేను సావిత్రి వైపు చూశాను, విన్నావా అన్నట్టు. వింది. ఆ కాఫీ నాకు అమృతంలా దిగింది. సగం గ్లాసు దాకా.

"ఊరికే మోసుకొచ్చినా గదా, ఒకతూరి పెట్టి సూస్తా" అంటూ మూట విప్పాడు.

స్ట్రెయిట్ ఎడ్జ్ బెడ్డు మీద ఆనించాడు. రెండు చివర్లా ఆనింది. నడుమ నుంచి వెలుతురు కనిపించింది. నాకే కనిపించింది, ఆయనకి కనిపించదా? జేబులోంచి సన్నటి రేకుల గేజ్ తీసి, ఒక్కొక్క రేకే దూర్చాడు. దూరుతూనే ఉన్నాయి. అర మిల్లీమీటరు రేకు కూడా దూరిపోయింది. మా సెక్షన్‌లో అర మిల్లీమీటరు అంటే గొయ్యి, మనిషిని పూడ్చొచ్చు.

"దేని మీద పెట్టి గీకినావు?"

నేను బండ వైపు చెయ్యి చూపించాను.

ఆయన స్ట్రెయిట్ ఎడ్జ్‌ని బండ మీద పెట్టాడు. ఒక చివర వేలితో నొక్కితే రెండో చివర లేచింది. రెండో చివర నొక్కితే ఇది లేచింది. పిల్లల ఏతం ఆట ఆడినట్టు ఆడింది నా నాలుగడుగుల కొండ మీద.

"బండ నడిమి ఉబ్బుండాది రెడ్డీ. నువ్వు దాన్ని పొల్లు పోకుండా దించినావు. దీనికి ఎంత ఉబ్బో, దానికి అంత గుంట. శానా కష్టం ఇట్ల దించేది. ఫస్ట్ క్లాస్."

మళ్ళీ అన్నాడు! ఆ రెండో ఫస్ట్ క్లాస్ వినేదానికన్నా గొర్రె బొచ్చే నయం. అప్పుడే నేను ఆవుల కొట్టంలోకి పోయింది. మంచిగా కోసి ఇచ్చిన ప్లేనింగ్, అది కూడా గుర్తొచ్చింది అక్కడ. ప్లేనర్ ఆయన తిన్నగా ఇచ్చినదాన్ని ఐదు నెలలు కష్టపడి గుంట చేశాను. పైగా ఆయన్నే తిట్టాను!

తిరిగి వచ్చేసరికి కోపం అంతా ఒకచోటికి చేరింది. చౌడప్ప! ఫోన్ చేసి వెంటనే రమ్మన్నాను. ఆదివారమైనా పది నిమిషాల్లో మోపెడ్ మీద వచ్చాడు, తెల్లచొక్కా వేసుకుని, నవ్వుతూ. నేను కొట్టంలో ఉండగానే, బండను చూసేదానికి పెద్దమనిషి ఎవరో వచ్చారని సావిత్రి ఫోన్ చేసి చెప్పిందంట.

"ఏం చేసినావప్పా ఈ బండకి? నడుమ ఉబ్బు ఎట్లొచ్చింది?" అని అరిచాను.

చౌడప్ప మొహం వెలిగిపోయింది. "కనిపెట్టినారా అన్నా! ఎవురూ కనిపెట్టరు, అంత సన్నం! అమ్మా, ఒక సెంబు నీళ్ళియ్యమ్మా."

సావిత్రి చెంబు తెచ్చింది. అతను బండ మీద బ్లూ తుడిచి, నట్టనడుమ నీళ్ళు పోశాడు. నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించుకున్నాయి. ఆ తర్వాత సగం అటు, సగం ఇటు, నిదానంగా జారిపోయి రెండు చివర్ల కిందికి కారిపోయాయి.

"సూడన్నా, ఒక్క సుక్క నిలిసిందా? ఇనుము పెడ్తానంటివి, నీళ్ళు పడతాయంటివి. నీళ్ళు నిలిస్తే ఇనుము తుప్పు పడతాది గదా! అందుకే నడిమి అంత ఎత్తు పెట్టి రెండు పక్కలా వాటమిచ్చినా. ఎవురికీ ఇట్ల చెయ్యనన్నా. నువ్వు అడక్కపోయినా చేసినా, నువ్వు గాబట్టి!"

అతని ప్రేమకి నేను ఏం బదులు చెప్పాలి? చెప్పండి!

నంజుండాచారి బండ దగ్గరికి వంగాడు. స్ట్రెయిట్ ఎడ్జ్ నిలువుగా పెట్టాడు, అడ్డంగా పెట్టాడు, ఐమూలగా పెట్టాడు. రేకు దూర్చి ఇటు చివర చూశాడు, అటు చివర చూశాడు. రెండూ ఒకటే. ఒక్క రేకు తేడా లేదు.

"ఏ మిషన్ మీద చేసినావప్పా ఇది?"

"మిషనేముంది సామీ, చేతి పాలిష్‌దే. అరిచెయ్యి పెట్టి సూస్కుంటా పోయేది."

"చేత్తోనా? కంటితో సూసి?"

"కన్నెందుకు సామీ, చేతికి తెలిసిపోతాది గదా."

ఆయన చౌడప్ప కుడిచెయ్యి పట్టుకున్నాడు. తిప్పి అరచెయ్యి చూశాడు. ఇరవై ఆరేళ్ళలో నా చెయ్యి ఒక్కసారి కూడా అట్ల పట్టుకోలేదు ఆయన. "ఇట్లాంటి చెయ్యి నా సెక్షన్‌లో ఒకటి ఉండింటే..." అన్నాడు. అక్కడే ఆగి, నా వైపు తిరిగి, "నీది కూడా మంచిదే రెడ్డీ" అన్నాడు. కూడా అంట!

భోజనానికి పిలిచింది సావిత్రి. చౌడప్పని కూడా కూచోబెట్టింది. చపాతీలు వడ్డించింది. గుండ్రంగా, అంచులు సన్నగా, ఎప్పుడూ లేనంత బాగా వచ్చాయి.

"చపాతీ భలే ఉండాదమ్మా" అన్నాడు నంజుండాచారి.

"కొత్త లట్టణిగె సార్. ఈయన చేసిందే. బెల్లం డబ్బా ఎనక పెట్టి మర్చిపోయినాడు" అని లోపలికి పోయి, ఆ చపాతీ కర్రను, అంటే పిండి అంటిన నా కడ్డీని, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నడుమ కొంచెం లావుగా ఉండాది, సేతికి బాగా తిరుగుతాది. ఇంగా నాలుగుండాయి!"

ఆయన కడ్డీని కంటికి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూశాడు. నా వైపు చూడలేదు. పరువు కాపాడాలనుకున్నాడేమో. ఇంకో చపాతీ వేయించుకున్నాడు.

పోతూ పోతూ స్ట్రెయిట్ ఎడ్జ్ నా దగ్గరే పెట్టాడు. "ఇది పెట్టుకుని మళ్ళీ గీకు. ఈతూరి నడిమి ముట్టద్దు, రెండు చివర్లు దించు. ఐదు నెల్లు పడతాది. చెయ్యుండాది గదా నీకు" అన్నాడు. చౌడప్ప మోపెడ్ వెనక ఎక్కి బస్టాండుకి పోయాడు. మలుపు తిరిగేదాకా చూశాను. ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఆయన గాల్లో చేత్తో గీకి చూపిస్తున్నాడు.

బండ ఇప్పుడు బట్టలుతికే చోట ఉంది. సావిత్రికి పండగే, ఒక్క చుక్క నిలవదు. మంగళవారం వాన పడి షెడ్డు రేకుల్లోంచి కారింది. పోయి చూస్తే నీళ్ళన్నీ నా బెడ్డు మీద, సరిగ్గా నడుమ, పల్చగా నిలబడి ఉన్నాయి. తుప్పు గీత కూడా మొదలైంది. ప్లేనర్ ఆయనకి ఫోన్ చేసి తప్పయిందని చెప్పాలి. మూడు రోజులుగా నంబరు తీస్తున్నాను, చూస్తున్నాను, పెట్టేస్తున్నాను.

నిన్న చౌడప్ప వచ్చాడు. "అన్నా, ఫోర్మన్ సారు చిక్కబళ్ళాపురానికి రమ్మన్నాడు. ఆదివారం ఆదివారం ఇనుము గీకేది నేర్పిస్తాడంట. నీ దగ్గర మంచి స్క్రేపర్ ఉండాదంటనే, ఇస్తావా?"

ఇచ్చాను. ఐదు నెలల బ్లూ పిడికి అంటి ఉంటే, కిరసనాయిలు పెట్టి తుడిచి మరీ ఇచ్చాను.

నేనా? బాగేపల్లిలో మా వదినమ్మకి ఒక లట్టణిగె కావాలంట, ఆమె తోడికోడలికి ఇంకోటంట. మిషన్ మళ్ళీ బిగించి, పనస కట్టె తెచ్చి తిప్పుతున్నాను. నడుమ లావు దానంతట అదే వస్తుంది, నేను చెయ్యి కూడా పెట్టక్కర్లేదు.